పాషాణానికి పంచనామా

వెంకటరత్నమ్మ తన కోడలి కంచాన్నీ మంచినీళ్ల చెంబునీ వంటింట్లోంచి తెచ్చి, వీధిగుమ్మం బయట చెప్పుల పక్కన పెట్టింది. ఎదురు వాటా వసారాలో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్న విద్యావతి అది చూసి, కలానికి మూత పెట్టి లేచింది.

నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఉంది ఆ వాడ. నడుమ ఒక బావి, చుట్టూ ఆరు వాటాలు. విద్యావతి పుట్టింది అక్కడే. పెళ్లయిన మూడేళ్లకు భర్త పోతే మళ్లీ అక్కడికే వచ్చి, ఆగిపోయిన చదువు పూర్తి చేసి, ఆబిడ్స్‌లో ఆడపిల్లల బడిలో సైన్సు టీచరుగా చేరింది. ఇదంతా జరిగింది పందొమ్మిది వందల అరవై నాలుగులో. ఆమెకు నలభై నిండలేదు గానీ, వాడలో ఆమె నోటికి జడవనివాళ్లు లేరు.

వెంకటరత్నమ్మవాళ్లది బందరు. రాష్ట్రం ఏర్పడ్డ మరుసటి ఏడు కొడుకు గోపాలరావుకు లక్డీకాపూల్‌లో ఒక ఆఫీసులో గుమాస్తా పని దొరికితే కుటుంబమంతా తరలివచ్చింది. కోడలు వసుమతికి ముప్పై దాటలేదు. నళిని అని ఆరేళ్ల కూతురు.

"ఏందమ్మా ఇది, కంచం గీడ పెట్టిన్రు?" అంది విద్యావతి.

"మీరే చూడండి టీచరుగారూ. ఆ చేతులు చూశాక మీరే చెప్పండి" అంది వెంకటరత్నమ్మ.

వసుమతి తల వంచుకుని గుమ్మంలో నిలబడి ఉంది. విద్యావతి ఆమె చేతులు పట్టుకుని తిప్పి చూసింది. అరచేతుల నిండా ఆవగింజలంత గట్టి బుడిపెలు. మెడ మీదా భుజాల మీదా దుమ్ములో నాలుగు చినుకులు పడ్డట్టు మచ్చలు.

"వేళ్లు ఎప్పుడూ తిమ్మిరిగా ఉంటాయక్కయ్యా. నళినిని ముట్టుకోవద్దంటున్నారు" అంది వసుమతి.

"పెద్దరోగమమ్మా. నోటితో అనడానికి కూడా నాకు బాధే. వచ్చే ఆదివారం మావాడు బందరు తీసుకెళ్లి వాళ్ల పుట్టింట్లో దింపివస్తాడు. పిల్ల మా దగ్గరే ఉంటుంది" అంది వెంకటరత్నమ్మ.

గోపాలరావు లోపల పేపరు చదువుతున్నాడు. పేపరు కిందికి దించలేదు.

విద్యావతి తన చేతులు ఒకసారి చూసుకుంది. బొటనవేలి మొదట్లో రెండు బుడిపెలు ఆమెకూ ఉన్నాయి. సుద్దముక్క రాపిడికి వచ్చాయనుకుంది ఇన్నాళ్లూ. బావి అవతలి వాటాలో ఇద్దరికి ఇలాంటివే ఉన్నాయని ఆమెకు తెలుసు. ఇవే చేతులు ఇంకొకరికి కూడా చూసింది. వాడ గోడకు ఆనుకునే ఉన్న తోళ్ల గోదాములో పనిచేసే దుర్గయ్యకు.

"కుష్టయితే మచ్చ కాడ స్పర్శ పోతది. గీమెకు పోలే. ఒక్క వాడల అయిదుగురికి ఒక్కతీరుగ అరచేతులకే పెద్దరోగం వస్తదా?" అంది విద్యావతి. విద్యావతి ఆ కంచాన్ని, చెంబును తీసుకుంది. "నళినిని తోల్కొని రా వసుమతీ. మీ ఇద్దరూ నా ఇంట్ల ఉండున్రి. నాకు అంటుకుంటే అంటుకోనియ్."

అప్పుడు గోపాలరావు పేపరు దించాడు. "అమ్మ ఒప్పుకోదండీ" అన్నాడు.

"మిమ్మల్ని ఎవరడిగిన్రు?" అంది విద్యావతి.

మరునాడు పొద్దున దుర్గయ్య ఎప్పటిలాగే బావి దగ్గరికి నీళ్లు తాగడానికి వచ్చాడు. విద్యావతి అతన్ని కూర్చోబెట్టి, గోదాములో ఏం పని చేస్తాడో మొదటిసారి వివరంగా అడిగింది.

"తోళ్లకు పురుగు వట్టకుంట మందు రుద్దుతమమ్మా. తెల్లగ సున్నం లెక్క ఉంటది. నీళ్లల్ల కలిపి ముంచుతం. సేఠ్ మందు అనే అంటడు. మా మేస్త్రి మాత్రం సంఖియా అంటడు" అన్నాడు దుర్గయ్య.

"ముంచినంక ఆ నీళ్లు ఏం చేస్తరు?"

"ఎన్క గుంత ఉన్నది గదమ్మా. గండ్ల పారబోస్తం. ఏడేండ్ల సంది గండ్లనే."

సంఖియా అంటే పాషాణం, ఇంగ్లీషులో ఆర్సెనిక్. ఆ గుంతకూ వాడ బావికీ మధ్య ఇరవై గజాలు కూడా లేవు. ఏడేళ్లుగా ఆ బావి నీళ్లతోనే వంట, ఆ నీళ్లే కుండల్లో, నళినికి పాలలో కలిపినవీ ఆ నీళ్లే.

సాయంత్రం బడి వదిలాక ఆమె లాబొరేటరీలో ఒక సీసాలో బావి నీళ్లు పోసి, జింకు ముక్కలూ ఆసిడూ వేసింది. సీసా మూతి మీద పాదరసపు ఉప్పులో తడిపి ఆరబెట్టిన కాగితం కట్టింది. నీళ్లలో పాషాణం ఉంటే పైకి వచ్చే గాలి ఆ కాగితానికి రంగు పట్టిస్తుంది. పక్కన ఇంకో సీసాలో సందు చివరి కుళాయి నీళ్లు పోసి అదే పని చేసింది. అరగంటలో బావి నీళ్ల కాగితం పసుపు పచ్చగా మారి, తర్వాత ఇటుక రంగు తిరిగి, చివరికి తాంబూలంలో వేసే కాచు పూసినట్టయింది. కుళాయి నీళ్ల కాగితం తెల్లగానే ఉంది.

ఆ రెండు కాగితాలూ పట్టుకుని, సెలవు పెట్టి, నీళ్ల ఆరోగ్యం చూసే ఆఫీసుకు వెళ్లింది. మూడు రోజులు తిప్పించుకున్నాక ఆఫీసరు దర్శనమిచ్చాడు. ఆయన పాత ఫైలు తెప్పించి, తిరగేసి, మూసేశాడు.

"మీ బావి నీళ్లు మావాళ్లు నిరుడే పరీక్ష చేసిన్రమ్మా. రంగు లేదు, వాసన లేదు, క్రిములు లేవు. మంచి నీళ్లు" అన్నాడు.

"పాషాణం సంగతి?"

"మా ఫారంల దానికి కాలమే లేదు."

"లేకుంటే ఒక గీత గీసి పెట్టున్రి. మీ ఫారంల కాలం లేదని మా కడుపుల్లకు పోకుంట ఆగుతదా?"

ఆఫీసరు కళ్లజోడు తుడుచుకున్నాడు. "బడిపిల్లల ప్రయోగం సర్కారు రిపోర్టు కాదమ్మా. ఫిర్యాదు రాసిచ్చి పోన్రి."

ఆమె రాసిచ్చింది. సందు చివరి కుళాయి పొద్దున గంటసేపు వచ్చేది. దానికి నలభై ఇళ్ల బిందెలు. ఎండాకాలం ముదిరాక అదీ సన్నగిల్లింది. బావి నీళ్లు తాగొద్దని చెప్పడం తేలికే. మరి ఏం తాగాలి అని బావి చుట్టూ చేరిన ఆడవాళ్లు అడిగారు.

జవాబు ఆమె తండ్రి వదిలిపోయిన పాత వైద్య పుస్తకంలో దొరికింది. పాషాణం మింగినవాడికి అప్పటికప్పుడు చేసిన ఇనుప తుప్పును నీళ్లలో కలిపి తాగించాలని, తుప్పు విషాన్ని పట్టేసుకుంటుందని అందులో ఉంది. కడుపులో పట్టుకునేది కుండలో పట్టుకోదా అనుకుంది విద్యావతి.

వాడలోనే శ్యామ్‌సుందర్ అని డెబ్బై ఏళ్ల పెద్దమనిషి ఉండేవాడు. నీళ్ల కార్ఖానాలో ముప్పై ఏళ్లు నీళ్లు వడగట్టే ఇసుక మడుల దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. విద్యావతి ఆయన్ని కాకా అని పిలిచేది. ఆయన ఉత్సాహంగా గౌలిగూడ పోయి, బస్సుల మరమ్మతు షాపుల దగ్గర లేతు మిషన్ల కింద పడే ఇనుప చుట్టలు ఒక గోనెసంచి నిండా తెచ్చాడు. మూడు రంజన్ కుండలు ఒకదాని మీద ఒకటి నిలబడేలా కర్రచట్రం కొట్టించారు. పై కుండలో ఇసుక, దాని మీద ఇనుము. నడిమి కుండలో సన్న ఇసుక, బొగ్గు. అడుగు కుండలోకి నీళ్లు చుక్కచుక్కగా దిగుతాయి.

వారం తిరిగేసరికి ఇనుము ఎర్రగా తుప్పుపట్టింది. పరీక్షిస్తే కాగితం కాచురంగు పోయి పసుపు దగ్గర ఆగింది. విద్యావతి ఆ రోజు మొదటిసారి తృప్తిగా నిద్రపోయింది. ఇంకో రెండు వారాలకు పసుపు కూడా పలచబడింది. కానీ ఇనుము మీద ఒక గోధుమరంగు జిగురు పేరుకుంది. చేత్తో తాకితే పాముకుబుసంలా జారుతోంది. పాచి పట్టిందనుకుని, ఆమె ఒక ఆదివారం అంతా కుండలు దించి కొబ్బరిపీచుతో శుభ్రంగా తోమేసింది. మరునాడు కాగితం మళ్లీ ముదురు పసుపు.

శ్యామ్‌సుందర్ అది చూసి నెత్తి కొట్టుకున్నాడు. "పనోన్ని ఎల్లగొట్టినవ్ గద బిడ్డా."

"పాచి కాకా అది."

"ఔ, పాచే. మా మడుల గూడ ఇసుక మీద గసోంటి పొరే కట్టేది. అది కట్టిందాంక ఆ నీళ్లు ఊళ్లెకు ఇడువకపోదుం. కొత్తగ వచ్చిన ఇంజనీర్లు గీకమంటే, మేం గీకకపోదుం. కంటికి కానరాని పురుగులు గండ్ల బతుకుతయి. నీళ్లను కడిగేటివి గవే."

విద్యావతి పుస్తకాలు తిరగేసింది. ఇనుము మీద బతికే సూక్ష్మజీవులు ఉంటాయని, అవి ఇనుమును తుప్పుగా మార్చి ఆ శక్తితోనే బతుకుతాయని ఒకచోట దొరికింది. ఆ జిగురు ఉన్నంతకాలం కొత్త తుప్పు పుడుతూనే ఉంటుంది, పుట్టిన తుప్పు విషాన్ని పట్టుకుంటూనే ఉంటుంది. ఆమె ఇంక కుండలు తోమలేదు. పన్నెండు రోజులకు జిగురు మళ్లీ కట్టింది. ఆ తర్వాతి పరీక్షలో కాగితం కుళాయి నీళ్ల కాగితమంత తెల్లగా వచ్చింది.

ఆరు వాటాలకూ అలాంటి కుండలు లేచాయి. వెంకటరత్నమ్మ కూడా మారు మాట్లాడకుండా పెట్టించుకుంది. వానాకాలం వచ్చేసరికి వసుమతి వేళ్ల తిమ్మిరి తగ్గింది. మెడ మీద మచ్చలు వెలిసిపోసాగాయి. సూదిలో దారం ఎక్కించగలుగుతున్నానని ఆమె చెప్పినప్పుడు విద్యావతి పక్కకు తిరిగి కళ్లు తుడుచుకుంది.

సరిగ్గా అప్పుడు దిగాడు జనార్దన్ సేఠ్. గోదాము ఆయనదే. ఆబిడ్స్‌లో తోలు పెట్టెల షాపు కూడా ఆయనదే. తెల్లటి షేర్వానీలో, ఫోటోగ్రాఫరును వెంటబెట్టుకుని, నీళ్ల ఆఫీసరును పక్కన నడిపించుకుంటూ వాడలోకి వచ్చాడు. ఆయన మనిషి ఒకడు మిఠాయి పొట్లాలు పంచాడు. ఇంకొకడు విద్యావతి కట్టించిన కర్రచట్రానికి ఒక రేకు పలక కొట్టాడు. జనార్దన్ సేఠ్ గారి సౌజన్యంతో అని దాని మీద రాసి ఉంది.

"మస్తు పని చేసిన్రు టీచరమ్మా. ఇంక ఏం ఫికర్ చెయ్యకున్రి. ఇనుము, ఇసుక ఎంత కావాల్నన్నా నా షాపుకు మనిషిని పంపున్రి" అన్నాడు సేఠ్.

"ఇనుము వద్దు. గుంత పూడ్పియ్యున్రి. సంఖియా నీళ్లు పారబోసుడు ఆపున్రి" అంది విద్యావతి.

సేఠ్ నవ్వాడు. "నీళ్లు సాఫయినంక గుంత ఉంటేంది, లేకుంటేంది?"

ఆఫీసరు అప్పుడే జేబులోంచి ఒక కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాడు. స్థానికంగా వడపోత ఏర్పాటు జరిగినందున ఫిర్యాదు పరిష్కరించబడినది అని దాని మీద ఉంది.

విద్యావతి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. పొడిచినవాడు, ఆ గాయానికి ఆమె కట్టిన కట్టును చూపించి పుణ్యాత్ముడయ్యాడు. ఆ సందులో పదకొండు బావులున్నాయి. మిగతా పది బావుల చుట్టూ ఉన్నవాళ్లకు కుండలు లేవు. వాళ్లు ఫిర్యాదు చేస్తే ఈ కాగితమే చూపిస్తారు. ఆమె మిఠాయి పొట్లాన్ని సేఠ్ కాళ్ల దగ్గర పెట్టి, పలక కొట్టినవాడి సుత్తి తీసుకుని, దాని వెనకభాగంతో రేకు పలకను ఊడబెరికి, రెండూ వాడికే తిరిగిచ్చింది. అరవలేదు. అరిస్తే ఏడుపొస్తుందని ఆమెకు తెలుసు.

ఆ వారంలోనే బడిలో లాబొరేటరీ బీరువా సర్దుతుండగా ఒక అట్ట పుస్తకం చేతికి తగిలింది. విషపదార్థాలు ఎంత వచ్చాయి, ఎంత వాడారు అని రాసే రిజిస్టరు. పాషాణం లాంటివి లైసెన్సు లేకుండా ఎవరి దగ్గరా ఉండకూడదని మొదటి పేజీలో అచ్చువేసి ఉంది. విద్యావతి ఆ మాటలు ఒక కాగితం మీదికి ఎక్కించుకుంది.

ఆమె ఇంట్లో రెండు కిరోసిన్ డబ్బాల నిండా పాత తుప్పు ఉంది. విషం పట్టి నిండిపోయిన ఇనుమును కుండల్లోంచి తీసేసినప్పుడు, బయట పారేస్తే మళ్లీ బావిలోకే దిగుతుందని మూతలు బిగించి దాచింది. మరునాడు పొద్దున ఆ డబ్బాలను రిక్షాలో పెట్టించి, వసుమతినీ దుర్గయ్యనూ వెంటబెట్టుకుని ఠాణాకు వెళ్లింది.

ఠాణా పెద్ద అమీన్ సాబ్ చాయ్ తాగుతున్నాడు. "ఏం ఫిర్యాదమ్మా? ఎవరి మీద?" అన్నాడు.

"నా మీదనే. లైసెన్సు లేకుంట పాషాణం పెట్టుకున్న. గీ రెండు డబ్బాలు. జప్తు చెయ్యున్రి, పంచనామా రాయున్రి."

అమీన్ డబ్బాలో ఎర్రమట్టిని చూసి నవ్వాడు. "తుప్పు ఇది. ఇంటికి పోన్రి టీచరమ్మా, పిల్లలకు పాఠాలు చెప్పుకోన్రి."

"తుప్పా, విషమా చెప్పాల్సింది మీరు కాదు, నేను కాదు. విషమని అనుమానమొస్తే సర్కారు రసాయన పరీక్షకు పంపాలె. ఎవరన్న వచ్చి ఇది విషమని చెప్పినంక గూడ పంపలేదని రేపు తెలిస్తే జవాబు మీరే చెప్పుకోవాలె."

అతని నవ్వు తగ్గింది గానీ చెయ్యి కలం మీదికి పోలేదు. విద్యావతి గది మూలనున్న నీళ్ల కుండ వైపు చూసింది. "మీ కుండలకు నీళ్లు యాడికెల్లి వస్తయి?"

"గూడ్సు షెడ్డు పక్కన బాయి నుంచి. కావడోడు తెస్తడు."

"గోదాముకు ఇటుపక్క మా బాయి, అటుపక్క ఆ బాయి. దుర్గయ్యా, చేతులు చూపియ్."

దుర్గయ్య చేతులు చాపాడు. అరచేతులు ఎండిన చెరువు మట్టిలా పగిలి, బుడిపెలు కట్టి, రెండు వేళ్లు వంకరపోయాయి. ఆ పక్కనే వసుమతి కూడా, ఎవరూ అడగకుండానే, చేతులు చాపింది. ఇంతకాలం కొంగు కింద దాచుకున్న చేతులు అవి. అమీన్ వాళ్లిద్దరి చేతులూ చూశాడు. తర్వాత టేబులు కింద పెట్టుకుని తన అరచేయి చూసుకున్నాడు. చాయ్ గ్లాసు పక్కకు జరిపి, జవానును పిలిచి కాగితాలు తెమ్మన్నాడు.

రిపోర్టు రావడానికి నలభై రోజులు పట్టింది. ఈలోగా లాబొరేటరీ సామాను సొంతానికి వాడుకున్నందుకు బడి నుంచి విద్యావతికి మెమో వచ్చింది. టీచరమ్మ మీద పోలీసు కేసుందట అని సందులో చెప్పుకున్నారు. ఆమె ఔనని ఒప్పుకుంది.

రిపోర్టులో పాషాణమని స్పష్టంగా ఉంది. ఆ తుప్పు ఏ నీళ్లలోంచి వచ్చిందో, ఆ నీళ్లలోకి విషం ఎక్కడినుంచి వచ్చిందో పంచనామాలో అప్పటికే రాసి ఉండటంతో అమీన్ గోదాము సోదా చేయక తప్పలేదు. తెల్లపొడి పీపాలు పద్నాలుగు దొరికాయి. లైసెన్సు ఒక్కటీ దొరకలేదు. కోర్టులో మేజిస్ట్రేటు విద్యావతిని మందలించి వదిలేశాడు. గుంత తవ్వి మట్టంతా లారీల్లో ఎత్తించారు, పదకొండు బావులకూ మూతలు వేశారు. వాడలోకి పైపు వచ్చింది. జనార్దన్ సేఠ్ జరిమానా కట్టి బయటపడ్డాడు.

వెంకటరత్నమ్మ ఒకరోజు విద్యావతి వసారాలోకి వచ్చి, కొంగు వేలికి చుట్టుకుంటూ, "అమ్మాయ్, ఇంక ఇంటికి రా" అంది.

"మీరు భయపడ్డారు అత్తయ్యా, అర్థమైంది" అంది వసుమతి. "కానీ నన్ను బందరు తోలేద్దామన్నప్పుడు మీ అబ్బాయి ఒక్కమాట అనలేదు. ఆయన్ని వచ్చి అడగమనండి."

గోపాలరావుకు ఎదురు వాటా నుంచి ఈ వాటాకు రావడానికి ఎనిమిది రోజులు పట్టింది. వసుమతి అతను అడిగేదాకా నిలబెట్టింది.

దీపావళి దాటాక దుర్గయ్య ఒక మూట భుజాన వేసుకుని సెలవు తీసుకోవడానికి వచ్చాడు.

"యాడికి పోతున్నవ్?" అంది విద్యావతి.

"సేఠ్ గోదాము మార్చిండమ్మా. చాదర్‌ఘాట్ దాటి మూసీ పొంట పోతే ఒక పల్లె ఉన్నది. గాడ. మేమందరం గాడికే పోతున్నం. ఇంకో పని నా చేతులకు ఎవరిస్తరు?"

"లైసెన్సు?"

"తీసుకున్నడట."

"గుంత తవ్విన్రా గాడ?"

దుర్గయ్య నేల చూశాడు. "తవ్విన్రమ్మా. మొన్ననే. పల్లె బాయికి జర దగ్గర్నే."

విద్యావతి గుమ్మం మీద కూర్చుంది. తాను సందుకు పట్టిన చీడను వదిలించలేదు, ఊరి బయటికి తోలింది, అంతే. అక్కడ టీచరు లేదు, పాత వైద్య పుస్తకం లేదు, మడుల దగ్గర పనిచేసిన కాకా లేడు.

ఆదివారం పొద్దున ఆమె గౌలిగూడలో బస్సెక్కింది. శ్యామ్‌సుందర్ పెద్దరికం కోసం వచ్చాడు. వసుమతి ఎవరి అనుమతీ అడక్కుండా వచ్చింది. కాకా ఇనుప చుట్టల సంచి తెస్తానంటే విద్యావతి వద్దంది. ఒక సంచిలో సీసా, జింకు, కాగితాలు, రిపోర్టు నకలు మాత్రం పెట్టుకుంది.

పల్లె బావి దగ్గర ఇరవైమంది ఆడవాళ్లు చేరారు. విద్యావతి అక్కడే గట్టు మీద సీసా పెట్టి, వాళ్ల బావి నీళ్లే పోసి, కాగితం కట్టింది. అరగంట అందరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. కాగితం తెల్లగానే ఉంది.

"ఇంకా దిగలే. తొందర్నే వచ్చినం" అన్నాడు శ్యామ్‌సుందర్.

వసుమతి తన చేతులు వాళ్లకు చూపించి, ఏడేళ్లలో ఏమవుతుందో చెప్పింది. ఆమె బందరు మాట వాళ్లకు కొంచెం కొత్తగా ఉన్నా, ఆ చేతులను చూశాక ఎవరూ మళ్లీ చెప్పమనలేదు. ఒక ముసలామె, నీళ్లు సాఫు చేసే కుండలేవో మీ కాడ ఉన్నయట గద, అవి కట్టియ్యరాదా అని అడిగింది.

"కట్టియ్యనవ్వా. ఇప్పుడు కుండలు కడితే, వాడు ఆ కుండలనే చూపిచ్చి గుంత నింపుకుంటడు" అంది విద్యావతి. "ముందు గుంత పూడాలె."

ఆమె సంచి భుజాన వేసుకుని గోదాము వైపు నడిచింది. ముసలామె బిందెను గట్టు మీదే వదిలేసి వెంట నడిచింది, ఆమె వెనక మిగతావాళ్లు. గేటు దగ్గర కాపలావాడు అడ్డం వచ్చి, సేఠ్ లేడు, రేపు రమ్మన్నాడు.

"సేఠ్‌తోని పని లేదు. పారలు యాడున్నయో చెప్పు" అంది విద్యావతి.